వీధి వెనక్కి జరిగిన రోజు

అమ్మాయిది స్కూల్లో ఆఖరి ఏడాది. చిన్న తరగతుల నుంచీ మ్యాపుల్లో సముద్రానికి నీలం రంగు వేస్తూనే ఉంది. పెన్సిళ్లు అరిగిపోయాయి కానీ, ఆ సముద్రాన్ని ఒక్కసారీ చూసింది లేదు. చూసొచ్చినవాళ్లు కనబడితే చాలు, "ఎలా ఉంటుంది?" అని వెంటపడేది. నాన్ననడిగితే, "ఏముంది, నీళ్లే" అన్నాడు. ఆ జవాబుకి ఆమె పూటంతా ఆయనతో మాట్లాడలేదు.

అలాంటిది, భూగోళం మాస్టారు పిల్లల్ని సముద్రం దగ్గరికి తీసుకెళ్తానన్నారు. బస్సులో ఒక్క సీటే మిగిలింది. "ఎవరి వీధి మ్యాపు వాళ్లు గీయండి. సోమవారం నేనే వచ్చి చూస్తా. ఏది నేలకి సరిగ్గా సరిపోతే వాళ్లకే సీటు" అని తేల్చేశారు.

ఆదివారం పొద్దున్నే అమ్మాయి సుద్దముక్క, పొడవాటి టేపు పట్టుకుని వీధిలోకి దిగింది. రెండో కొస పట్టుకోవడానికి పిన్ని వచ్చింది. పిన్ని సరదా మనిషే. కళ్లజోడు పెట్టుకుంటే మాత్రం ఎవరినో తనిఖీ చేయడానికి వచ్చినట్టుంటుంది.

సెలూన్ ముందు గీత గీస్తుంటే, సెలూన్ బాబాయి కత్తి చేత్తో పట్టుకునే బయటికొచ్చాడు. ఆయన షాపు మెట్లు రోడ్డు మీదికి పాకి చాలాకాలమైంది.

"ఏంటమ్మా ఈ కొలతలు?"

"రోడ్డు కొలుస్తున్నాం బాబాయ్. రేపు పొద్దున సారొచ్చి చూస్తారు."

"తేడా వస్తే?"

"అస్సలు ఒప్పుకోరు" అంది అమ్మాయి, సీటు తలుచుకుని నిట్టూరుస్తూ.

సారంటే రోడ్ల ఆఫీసరనీ, ఆ నిట్టూర్పు తనమీద జాలనీ అనుకున్నాడు బాబాయి. కుర్చీలో సగం గడ్డంతో ఉన్న మనిషిని అలాగే వదిలేసి కిరాణా కొట్టుకి పరిగెత్తాడు. అక్కడ "రోడ్డు వెడల్పు చేస్తారట" అన్న మాట, ఇస్త్రీ బండి దగ్గరికొచ్చేసరికి "రేపే కూల్చేస్తారట" అయింది. వీధి చివరికి చేరేసరికి యంత్రాలు బయల్దేరి సగం దారిలో ఉన్నాయి.

మధ్యాహ్నానికి రేకులు ఊడాయి, బోర్డులు దిగాయి, అరుగులు విరిగాయి. పిన్ని తన ఇంటికి వెళ్లిపోయింది. అమ్మాయి లోపలి గదిలో తలుపేసుకుని మ్యాపు మీద సిరా దిద్దుతోంది. బయట దడదడ చప్పుళ్లు వినబడితే, పక్కింట్లో మరమ్మతులనుకుంది. అందులో ఒక చప్పుడు వాళ్ల నాన్నదే. డ్యూటీ దిగి వస్తూ సెలూన్ దగ్గర వార్త విన్న ఆయన, కొలిచిందెవరని కూడా అడక్కుండా, గడ్డపార తెచ్చి తన ఇంటి మెట్లు తనే పగలగొట్టుకున్నాడు.

సోమవారం పొద్దున మాస్టారు వచ్చారు. అమ్మాయి మ్యాపు పట్టుకుని గబగబా గుమ్మం దాటింది. కింద మెట్టు లేదు. సరాసరి మాస్టారి కాళ్ల దగ్గర పడింది.

"మెట్లు గీశావు. ఏవీ?" అన్నారాయన మ్యాపు చూస్తూ. "ఆ షాపు రేకులేవి? ఈ అరుగేది?"

వీధంతా వినయంగా నిలబడి ఉంది. సెలూన్ బాబాయి ముందుకొచ్చాడు. "అన్నీ తీసేశాం సార్. అంగుళం కూడా బయటికి లేదు, చూసుకోండి."

అమ్మాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను కొలిచినప్పుడు ఉన్నాయి సార్, ఒట్టు!"

"నువ్వు కొలవడమేంటే?" అన్నాడు నాన్న. "కొలిచింది ఆఫీసు వాళ్లు కదా?"

"నేనూ పిన్నీ నాన్నా."

నాన్న మెట్లు ఉండాల్సిన చోటు వంక చూశాడు. వీధంతా సెలూన్ బాబాయి వంక చూసింది.

మాస్టారు మ్యాపు మడిచారు. "మ్యాపు పూర్తిగా తప్పు. కానీ మనుషుల వల్ల నేల రూపం మారుతుందని ఇన్నాళ్లుగా చెబుతున్నా, ఒక్కరికీ తలకెక్కలేదు. నువ్వు ఒక్క పూటలో చేసి చూపించావు. సీటు నీదే."

బస్సు కదిలింది మొదలు అమ్మాయి కిటికీకి అతుక్కుపోయింది. దిగగానే చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో పరిగెత్తి, ఠక్కున ఆగిపోయింది. ఎదురుగా కనుచూపు మేరంతా తడి బురద. ఎక్కడో దూరాన సన్నటి గీత ఒకటి మెరుస్తోంది.

"అదేనా?" అంది.

"అదే. ఇప్పుడు ఆటు కదమ్మా, వెనక్కెళ్లింది" అన్నాడు బస్సు డ్రైవరు. "రాత్రికి ఇక్కడిదాకా వచ్చేస్తుంది. మనం సాయంత్రమే బయల్దేరాలి."

ఆమెకు ఏడుపొచ్చింది. అయినా బయల్దేరేదాకా ఆ గీత మీంచి చూపు తిప్పలేదు. ఇంత దూరం వచ్చాక అది ఇంకా దగ్గరగా కావాలనిపించింది.

పరీక్షలో ఆటుపోట్ల ప్రశ్న తప్పకుండా వస్తుందని మాస్టారు గట్టిగా చెప్పగలిగారు. సముద్రం ఎప్పుడొస్తుందో మాత్రం కనుక్కోలేదు.