సబ్‌వూఫర్ సర్దుబాటు ఉపసంఘం

శబ్దం మీద మానవజాతి సాధించిన విజయాలన్నింటిలోకీ గొప్పది కూర్మన్నపాలెంలో, నలభై ఎనిమిది ఫ్లాట్ల మా అపార్ట్‌మెంట్‌లో, ఒకే ఒక్క సబ్‌వూఫర్ మీద సాధించాం. చరిత్రకారులు ఆలస్యంగా వస్తారు కనుక వివరాలు నేనే రాసిపెడుతున్నాను.

లావు శబ్దాలు మాత్రమే మోగించే ఆ స్పీకరు పెట్టె మూడో అంతస్తు గంగాధరరావుగారిది. కాకినాడ నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళు స్టీల్‌ప్లాంటు రోలింగ్ మిల్లులో పనిచేశారు. చెవుల్లో సన్నటి శబ్దాలు పోయాయి, లావుపాటివి కాస్త మిగిలాయి అని డాక్టరు తేల్చాడు. కూతురు నిఖిత మృదంగం నేర్చుకుంది. కిందటేడు ఎదురుగా కూర్చున్నా ఆయనకు అమ్మాయి చేతులు ఆడటం కనిపించిందే తప్ప ఏమీ వినపడలేదు. వచ్చే ఆదివారం సాయంత్రం ఆరింటికి చెన్నైలో ఆ అమ్మాయి మొదటి పెద్ద కచేరీ, ఫోన్లోనూ టీవీలోనూ లైవ్. పెట్టె తెచ్చిన పూర్ణా మార్కెట్ సౌండు షాపు యాసిన్ భరోసా ఇచ్చాడు.

"పాప ఎడం చేత్తో కొట్టే దెబ్బ చెవికి రాకపోయినా కాళ్ళకి వస్తుంది సార్. నేల చెప్తుంది."

పని చిన్నది. ఆంప్లిఫయర్ నుంచి పెట్టెకు ఒకటే వైరు. వెనక రెండు నాబ్‌లు: మోత ఎంతో ఒకటి, ఎంత లావు శబ్దాలు పెట్టెకు పంపాలో ఇంకొకటి. సోఫాలో ఒకరు కూర్చుంటే వెనక ఒకరు తిప్పాలి. పావుగంట. యాసిన్ నాబ్ మీద చెయ్యి వేశాడో లేదో అసోసియేషన్ కార్యదర్శి అర్జునరావుగారు లోపలికొచ్చారు.

"ఏటి సేత్తన్నావ్ బాబూ? ఆపు. ఉపసంఘం సూడకుండా తిప్పకూడదు."

"ఏ ఉపసంఘమండీ?" అన్నారు గంగాధరరావుగారు.

"ఇప్పుడే ఏత్తన్నాం."

కార్యదర్శిగారి వాదనలో బలం లేకపోలేదు. మాది షిఫ్టుల అపార్ట్‌మెంట్. ఒకళ్ళు డ్యూటీకి దిగుతుంటే ఇంకొకళ్ళు వచ్చి పడుకుంటారు. గడియారంలో ఏ గంట తీసుకున్నా మాలో ఎవరో ఒకరికి అది నడిరేయే. (వినాయక నిమజ్జనం రోజున మాత్రం అందరూ మెలకువగా ఉన్నట్టు ఏటేటా తీర్మానం చేస్తాం. డీజే కార్యదర్శిగారి బావమరిది తెస్తాడు.)

ఉపసంఘం మూడుసార్లు కూర్చుని ఇంటింటి నిద్రపట్టిక తయారుచేసింది. మొత్తం అపార్ట్‌మెంట్ ఒకేసారి మేలుకుని ఉండే సమయం రోజుకు పదకొండు నిమిషాలని తేలింది. అది పొద్దున్న నీళ్ళ ట్యాంకరు వచ్చే సమయం. ఆ పదకొండు నిమిషాల్లో సర్దుబాటుకు అనుమతి ఇచ్చారు. యాసిన్ మూడు రోజులు తెల్లారకుండా వచ్చాడు. ట్యాంకరు మోటారుకీ, బిందెల దగ్గర తగువుకీ పాపం యాసిన్‌కే ఏమీ వినపడలేదు. గంగాధరరావుగారి సంగతి చెప్పేదేముంది!

ఆయన ఆదివారానికి ప్రత్యేక దరఖాస్తు పెట్టుకున్నారు. కింది ఫ్లాటు అప్పలరాజు రాత్రి షిఫ్టు, రాత్రి ఎనిమిది దాకా నిద్ర అని పట్టిక చెప్పింది.

"ఒక్క గంటండీ. నేనెళ్ళి ఆయన్ని బతిమాలుకుంటానండి."

"నిద్దరోతన్నోడి తలుపు కొట్టడం ఇంకో రూలు కిందకి వత్తాదండి. మీ పాప కచేరీ నాను కాదంతన్నానా? రూలు రాసినోణ్ణి నానే తప్పితే ఎలాగ?"

ఉత్తర్వు వెలువడింది. వైరు కనెక్షన్‌కు అభ్యంతరం లేదు. పచ్చలైటు వెలగవచ్చు. మోత నాబ్ సున్నా దగ్గర ఉంచి, టేపు వేసి, టేపు మీద కార్యదర్శి సంతకం చేయవలెను. చేశారు.

ఆదివారం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. గంగాధరరావుగారు చెప్పులు తీసేసి రెండు కాళ్ళూ పెట్టె పక్కన నేలకు ఆనించారు. తెర మీద నిఖిత చేతులు ఆడుతున్నాయి. పచ్చలైటు చక్కగా వెలుగుతోంది. ముప్ఫై ఏళ్ళు సేఫ్టీ బోర్డులకు తల వంచిన మనిషి, టేపు పీకలేదు. గంటసేపు కాళ్ళు కదపకుండా కూర్చుని, చివర్లో అందరూ చప్పట్లు కొడుతున్నారని చూసి తనూ కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అంతలో అమ్మాయి ఫోను. ఆయన భార్య పద్మావతిగారు ఎత్తి, ఆయన వైపు చూసి, "విన్నారమ్మా, మొత్తం విన్నారు" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

సోమవారం లిఫ్టు దగ్గర అప్పలరాజు బ్యాగుతో కనిపిస్తే, ఆదివారం నిద్ర బాగా పట్టిందా అని అడిగాను.

"నాను ఊళ్ళో ఎక్కడున్నాను బావ? సుక్కురోరం నుంచి యారాడలో మా అత్తోరింటికాడే ఉన్నాను. ఇంటికి తాళవే."

సంగతి ఉపసంఘానికి నివేదించాను. ఇంట్లో లేని సభ్యుడి నిద్రను సైతం కాపాడినందుకు ఉపసంఘం తనను తాను అభినందించుకుంది. రిజిస్టరులో ఫిర్యాదుల గడి ఎదురుగా అర్జునరావుగారు గుండ్రటి అక్షరాలతో రాశారు: "లేవు. ఎవరికీ ఏమీ వినపడలేదు."