ఎవరిదీ కాని ఫోనుకు సన్మానం

"సాంతోల్ ప్రజలారా! మన బరంగాయ్‌లో ఒక ఫోను దొరికింది. ఇది మామూలు దొరకడం కాదు. నా పరిపాలనలో దొరకడం!"

మైకులో ఈ ప్రకటన చేసినవారు బరంగాయ్ కెప్టెన్ క్రిసాంతో గారు. బరంగాయ్ అంటే ఊరు, ఆ ఊరికి పెద్ద ఆయనే. ఫోను దొరికింది నిజానికి తెబాన్ అనే కిరాయి ట్రైసికిల్ డ్రైవరుకి, తన బండి సీటు సందులో. అయితే ఆ బండి తిరిగే రోడ్డు వేయించింది కెప్టెన్ గారు కనుక, ఫోను దొరకడంలో ఆయన కృషిని ఎవరూ కాదనలేకపోయారు. సాయంత్రానికల్లా చర్చి ముందు ఫ్లెక్సీ లేచింది. అందులో కెప్టెన్ గారి ముఖం తలుపంత, ఫోను బొమ్మ అరచేయంత. "ఎవరూ అడగని ఫోనును కాపాడుతున్న కెప్టెన్ గారికి కృతజ్ఞతలు" అని పైన రాసి ఉంది. కృతజ్ఞతలు చెప్పుకున్నవారిగా కింద ఉన్న పేరు కూడా కెప్టెన్ గారిదే. తెబాన్ పేరుకు చోటు చాలలేదు.

మర్నాడు పొద్దున్నే అదే ఊరి లిగాయా చంకలో పసిబిడ్డతో బరంగాయ్ ఆఫీసుకు వచ్చింది. అక్కడ బాస్కెట్‌బాల్ కప్పును నేల మీదికి దించేసి, దాని అద్దాల పెట్టెలో ఫోను పెట్టి, చెరో పక్కనా ఒక కాపలావాణ్ణి నిలబెట్టారు.

"కెప్టెన్ గారూ, ఆ ఫోను నాదండీ. మార్కెట్ నుంచి వస్తూ తెబాన్ బాబాయ్ బండిలో జారవిడుచుకున్నా."

"రుజువు?"

లిగాయా వేలు ఆనించగానే ఫోను తెరుచుకుంది. తెర మీద ఆమె పెళ్లి ఫోటో. ఒక పక్క లిగాయా, ఇంకో పక్క పెళ్లికొడుకు రోడెల్, మధ్యలో పెళ్లి సాక్షిగా కెప్టెన్ గారు.

కెప్టెన్ గారు చాలాసేపు చూశారు. "ఇందులో నేను బాగా వచ్చాను. సంతోషం తల్లీ. ఫోను నీదన్న మాట ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదండీ."

"అనకు."

"అదేంటండీ?"

"శనివారం ఈ ఫోను సన్మాన సభకు మేయరు గారొస్తున్నారు. ఎవరిదో తెలిసిన ఫోను తిరిగిచ్చేస్తే అది ఇరుగుపొరుగు మర్యాద. ఎవరిదో తెలియని ఫోనును జాగ్రత్త చేస్తేనే నిజాయితీ. ఆయన నిజాయితీ చూడ్డానికి వస్తున్నారమ్మా, మర్యాద చూడ్డానికి కాదు."

లిగాయా బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది. "కెప్టెన్ గారూ, మా ఆయన ఓడ శనివారమే రేవుకు చేరుతుంది. రేవుకో నంబరు నుంచి చేస్తాడు, నేను చేద్దామంటే దొరకడు. ఆదివారం చర్చిలో బాబుకు జ్ఞానస్నానం, పేరు పెట్టే రోజు. పేరు తనే పెడతానన్నాడు. పైగా వీడు ఆయన ఓడెక్కాక పుట్టాడు. అసలే అనుమానం మనిషి. నేను ఫోనెత్తకపోతే ఇంకేమన్నా ఉందా?"

"సభ అవగానే నీ ఫోను నీకిస్తా. జ్ఞానస్నానంలో వీణ్ణి ఎత్తుకుని జ్ఞానతండ్రిని కాబోతున్నాను, నా మాట మీద నమ్మకం లేదా?"

సాంతోల్‌లో సగంమంది పిల్లలకు ఆయనే జ్ఞానతండ్రి. జ్ఞానతండ్రికి ఎదురు చెప్పే అలవాటు అక్కడ లేదు. లిగాయాకు ఒళ్లు మండింది కానీ, "సరేనండీ" అనే అంది.

శనివారం బాస్కెట్‌బాల్ కోర్టు కిటకిటలాడింది. మేయరు గారు చెప్పిన వేళకు కాకుండా, వీలైన వేళకు విచ్చేశారు. అద్దాల పెట్టెను వేదిక మధ్యలో, తెబాన్‌ను వేదిక చివర పెట్టారు.

"ఈ ఫోను కోసం ఎవరూ రాలేదు!" అన్నారు మేయరు గారు. "ఎందుకు రాలేదు? అబద్ధమాడి ఇతరుల వస్తువు కాజేసేవాడు నా పట్టణంలో ఒక్కడూ లేడు కాబట్టి!"

అంతలో ఫోను మోగింది. అదీ కార్యక్రమంలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. మేయరు గారు పెట్టె తెరిచి, ఫోను తీసి, స్పీకరు నొక్కి మైకుకు ఆనించారు.

"హలో, మేయర్‌ని మాట్లాడుతున్నాను."

"ఎవడ్రా నువ్వు? నా పెళ్లాం ఫోను నీ దగ్గరెందుకుంది?"

"బాబూ, ఈ ఫోనుకు ఎవరూ లేరు. దీని మంచిచెడ్డలు మేమే చూసుకుంటున్నాం."

"రోడెల్!" లిగాయా బిడ్డతో సహా లేచి నిలబడింది. "నేనిక్కడే ఉన్నా, రోడెల్!"

కెప్టెన్ గారు కనుసైగ చేశారు. బ్యాండు మోగింది.

"అది లిగాయా గొంతే. నీ పక్కనే ఉందా? ఆ పాటలేంటి?"

"సన్మానం బాబూ."

"ఎవరికి?"

"ఫోనుకి."

అవతలివాడు పెట్టేశాడు. మేయరు గారు జనం వైపు తిరిగారు. "చూశారా, విదేశాల్లో దొంగలు ఎంత తెలివిమీరిపోయారో! పెళ్లాం పేరు చెప్పి ఫోను కొట్టేద్దామని చూశాడు. అందుకే, నిజాయితీగా తిరిగిచ్చిన ఈ డ్రైవరుకి ఈ ఫోనునే బహుమతిగా ఇస్తున్నాను!"

తెబాన్ బుర్ర గోక్కున్నాడు. "అయ్యా, నాకు కావాలనుంటే అప్పుడే ఉంచేసుకునేవాణ్ణి కదండీ."

మైకు అతని నోటి దగ్గర్నుంచి మర్యాదగా తప్పించారు. ఫోటోలు అయ్యాక అతను తిన్నగా దిగి వచ్చి ఫోను లిగాయా చేతిలో పెట్టాడు. "తీసుకోమ్మా. ఇకమీదట నా బండిలో ఏం పడున్నా నేను చూడను." కెప్టెన్ గారు కూడా అడ్డు చెప్పలేదు. ఫోటోలు అయిపోయాయి మరి.

ఆదివారం చర్చిలో ఫాదరు గారు నీళ్లు పట్టుకుని, "పేరు?" అని అడుగుతుండగా ఫోను మోగింది. లిగాయా ఆత్రంగా ఎత్తింది. కంగారులో, నిన్న మేయరు గారు నొక్కిన స్పీకరే ఆమె వేలికీ తగిలింది.

"రోడెల్, చర్చిలో ఉన్నాం. ముందు పేరు చెప్పు. తిట్లు తర్వాత తిట్టుకుందువుగాని."

"నన్నెందుకడుగుతావ్? ఆ మేయర్నే పెట్టమను. ఆ హక్కు ఆయనదే."

ఫోను కట్టయింది. లిగాయా కళ్లు తుడుచుకుని, "రోడెల్ అని పెట్టండి ఫాదర్. వాళ్ల నాన్న పేరే" అంది.

కానీ కెప్టెన్ గారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. "విన్నారా! ఎక్కడో పరాయి రేవులో ఉండి కూడా మన మేయరు గారంటే ఎంత గౌరవమో!" అంటూ అప్పటికే తన ఫోనులో మేయరు గారి ఇంటికి చేసేశారు.

"అమ్మగారూ, నమస్కారం. మేయరు గారు స్నానంలో ఉన్నారా? పర్లేదండీ, శుభవార్త, మీకే చెప్తాను. ఇక్కడ మా లిగాయా బిడ్డకు పేరు పెట్టే హక్కు మేయరు గారిదేనని, ఆ అమ్మాయి మొగుడు అందరి ముందూ తేల్చి చెప్పేశాడండీ!"

అవతల మేయరు గారి భార్య చాలా నెమ్మదిగా అడిగారు.

"లిగాయా ఎవరు?"