కాటమయ్య మూడోది

ఇంగ్రిడ్ ఆ ఉదయం ఒక్క పనే పెట్టుకుంది: కాటమయ్య వంశవృక్షం గీయడం. మనుషుల బంధుత్వాలను చదివే విద్యార్థుల బృందంతో వేసవి సెలవుల్లో ఆమె నార్వే నుంచి కట్టంగూరు పక్కనున్న ఆ పల్లెకు వచ్చింది. ఆమె మాటలను తెలుగులోకి మార్చి చెప్పే గ్లోరీకి జ్వరం. నేర్చుకున్న తెలుగు చాలదా అనుకుని ఒక్కతే బయల్దేరింది.

వచ్చినవాళ్లది ఫీల్డ్ స్కూలని సర్పంచ్ కమలాకర్ చెబితే, ఊరు రైతులకు పంటల పాఠాలు చెప్పే పొలంబడి అనుకుంది. కాటమయ్య బత్తాయి తోటలో మొదట నాటిన మూడు చెట్లలో రెండు ఎండిపోయాయి, మూడోది పోబోతోంది. అంత దూరం నుంచి పంతులమ్మ తన గడపకే రావడంతో ఆయన మంచం వాల్చి, మజ్జిగిచ్చి కూర్చోబెట్టాడు.

వంశవృక్షమన్న మాట సమయానికి ఆమె నోటికి రాలేదు. "మీ చెట్టు గురించి చెప్పండి. పెద్ద నుంచి," అంది.

"పెద్దది పోయిన ఎండలకే పోయింది బిడ్డా. నీళ్లు అందలే."

ఇంగ్రిడ్ కలం ఆగింది. రెండోదాని సంగతి మెల్లగా అడిగింది. అదీ పాలిపోయి చిక్కిందని, ఎన్ని మందులు వాడినా నిలవలేదని కాటమయ్య కళ్లొత్తుకున్నాడు.

"ఇగ మూడోది. దాంతోని ఏం లాభం లేదు. పొద్దుగూకకముందే నరికేస్త," అని గొడ్డలి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

తెలుగులో ఆడపిల్లకూ చెట్టుకూ క్రియ ఒక్కటేనని ఆమె వ్యాకరణంలో చదివింది. చదివినప్పుడు అది చిన్న విషయంగానే కనిపించింది.

ఆమె పరుగున లోపలికి పోయి, కాటమయ్య భార్య అమృతమ్మ చేతులు పట్టుకుని, మూడో ఆడపిల్లను ఆయన చంపకముందే ఎక్కడైనా దాచమని ఏడ్చింది. అమృతమ్మ కన్నది ఒక్క కొడుకును. తనకు తెలియకుండా మొగుడికి ముగ్గురు బిడ్డలున్నారనగానే, చంపడం సంగతి తర్వాత, ముందు రెండో సంసారం సంగతి తేలాలనుకుంది. కొంగు బిగించి సర్పంచ్ ఇంటికి పోయింది. కమలాకర్ పోలీసులకు ఫోన్ చేశాడు. ఇంగ్రిడ్ తన ప్రొఫెసర్‌కు చేసింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఎస్సై, సర్పంచ్, ఆటోల నిండా విద్యార్థులు, వాళ్ల వెనక సగం ఊరు తోటలో ఉన్నారు.

"మూడోది ఎక్కడుంది?" అన్నాడు ఎస్సై.

కాటమయ్య బిత్తరపోయి గొడ్డలితో చెట్టును చూపించాడు. ఎస్సై చెట్టును చూశాడు, సర్పంచ్‌ను చూశాడు, మళ్లీ చెట్టును చూశాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంగ్రిడ్‌కు విషయం అర్థమైనా పొద్దుటి భయం దిగలేదు. చెట్టు మీద చెయ్యి వేసి వెక్కి వెక్కి ఏడ్చింది.

తిట్టడానికి వచ్చిన అమృతమ్మ ఆ పిల్లను దగ్గరికి తీసుకుని మొగుడి వైపు తిరిగింది.

"గొడ్డలి పక్కకు పెట్టు. గిందరు దాని కోసం ఉరికొస్తే ఎట్ల నరుకుతవు? ఒక్క వాన చూద్దాం."

కాటమయ్య వెంటనే పెట్టేశాడు. ఎవరైనా వద్దంటే బాగుండునని ఆయన పొద్దుటి నుంచీ చూస్తున్నాడు.

వారం తిరగకుండా వాన పడింది, మూడోది చిగురు పెట్టింది. అప్పటి నుంచి చుట్టుపక్కల రైతులు తమ తోటలోనూ ఒకసారి ఏడ్చి పొమ్మని ఇంగ్రిడ్‌ను పిలవసాగారు.