రెండో గీత చోట మంత్రిగారి ముఖం

ఇకనుంచి ప్రపంచం చూపంతా సైబరాబాద్ మూత్రం మీదే ఉంటుందని మంత్రి రవీందర్ గారు హైటెక్ సిటీ ఏసీ హాల్లో ప్రకటించగానే చప్పట్లు మోగిపోయాయి. సూది గుచ్చరు, నెత్తురు చుక్క తీయరు. చిన్న సీసా నింపి ఇస్తే హెచ్‌ఐవీ ఉన్నదీ లేనిదీ కిట్టు చెప్పేస్తుంది. ఒక గీత వస్తే లేనట్టు, రెండొస్తే ఉండొచ్చు, అప్పుడు రక్తపరీక్ష చేసి తేలుస్తారు. స్టార్టప్ వాళ్ళు తయారుచేసిన ఆ కిట్టు నిజమే చెబుతుందో లేదో ముందు తేలాలి కనక ఐటీ కారిడార్‌లో మూల్యాంకన మహోత్సవం జరుపుతామన్నారు. మూల్యాంకనానికి మహోత్సవం ఏమిటని అడిగే దుర్మార్గులెవరూ ఆ హాల్లో లేరు.

మహోత్సవమంటే జనం కావాలి, జనం కావాలంటే నల్లగండ్ల మొగిలి ఉండాలి. పార్టీ ఏ సభ పెట్టినా బస్సులు నింపేది అతనే. ఈసారి సీసాలు నింపించాలి, అంతే తేడా. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ప్రైవసీ అంటూ తప్పుకున్నారు. ఒక టీమ్ లీడరైతే వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఇస్తానన్నాడు. మొగిలి ఫికర్ పడలేదు. తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ల సెక్యూరిటీ వాళ్ళనీ, హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళనీ, కట్టుబడి కూలీలనీ బస్సులెక్కించాడు. బిర్యానీ పొట్లంతో పాటు మజ్జిగ ప్యాకెట్లు దండిగా పంచితే మిగతా పని అదే జరిగిపోతుందని అతని సభల అనుభవం.

మొగిలికి ఒక సంగతుంది. అది అతని భార్య ప్రవళికకు తెలుసు, లింగంపల్లి స్టేషన్ వెనుక సందులో ఉన్న మందుల గదిలో తెలుసు. ఏళ్ళ కిందటే అతనికి హెచ్‌ఐవీ ఉందని రక్తపరీక్షలో తేలింది. ఆ గదిలో సర్కారు ఉచితంగా ఇచ్చే మాత్రలు పూట తప్పకుండా మింగుతున్నాడు కనకే గుండ్రాయిలా ఉన్నాడు. మాత్రలు మానితే రోగం మళ్ళీ లేస్తుంది. సంగతి బయటపడితే పార్టీలో పక్కన కూర్చుని టీ తాగేవాడుండడు. అందుకే అక్కడికి మాస్కు పెట్టుకుని, టోపీ కిందికి లాక్కుని వెళ్తాడు. అదే లైన్లో నిలబడే హౌస్‌కీపింగ్ సత్తెమ్మ మాత్రం నడక చూసి పట్టేసి, ఇయ్యాల మీటింగ్ లేదా అన్నా అని నవ్వుతుంది.

మహోత్సవం నాడు పొద్దున్నే మంత్రిగారి పీఏ రంగనాథ్ స్టిక్కర్ల కట్టలు దింపాడు. బియ్యం సంచి మీద సారు ఫొటో ఉంది, అంబులెన్స్ మీద ఉంది, శవాల ఫ్రీజర్ మీద కూడా ఉంది. కిట్టు ఏం పాపం చేసింది? మొగిలీ, అతని మనుషులూ ప్రతి కిట్టుకీ భక్తిగా అంటించారు. కిట్టు చూస్తే చిన్నది, సారు ముఖం చూస్తే పెద్దది. మొదటి గీతకు మాత్రం చోటు మిగిలింది.

పరీక్షలు చూడటానికి వచ్చిన డాక్టర్ రోహిణి మొదటి కిట్టుతోనే పట్టేసింది. రెండో గీత రావలసిన చోట సారు నవ్వుతున్నారనీ, స్టిక్కర్లు పీకేయాలనీ చెప్పింది.

"సారు ముఖం పీకమంటారేంటండీ?" అన్నాడు రంగనాథ్.

"పోనీ పక్కకి జరపండి."

"సారుని పక్కకి జరపాలని చూసేవాళ్ళు పార్టీలోనే బోలెడుమంది. మీరు కూడానా అండీ?"

డాక్టరమ్మ మొగిలి వైపు చూసింది. మొగిలి గోరు స్టిక్కరు అంచుదాకా వెళ్ళి వెనక్కొచ్చింది. పోనీ హెచ్‌ఐవీ ఉందని ముందే తేలినవాళ్ళ సీసాలు కూడా పెట్టకపోతే కిట్టు పనితనం ఎలా తెలుస్తుందని ఆమె అడిగింది. సారు నియోజకవర్గంలో అలాంటివాళ్ళు ఎందుకుంటారని రంగనాథ్ ఆశ్చర్యపోయాడు. అయినా డాక్టరమ్మ మాట కాదనకూడదని మైకు తీసుకుని, ఉన్నవాళ్ళు మొహమాటపడకుండా చెయ్యెత్తాలని కోరాడు. మొగిలి రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

మంత్రిగారి సీసాను గన్‌మన్ వెండి పళ్ళెంలో తెచ్చాడు. ఒక గీత. బస్సుల్లో వచ్చినవాళ్ళందరికీ ఒకటే గీత. ముందు నువ్వియ్యి అని జనం పట్టుబట్టడంతో మొగిలి కూడా ఇచ్చాడు. అతనికీ ఒకటే గీత, పక్కన సారు చిరునవ్వు. రోగం పోయిందేమోనని అతనికి ప్రాణం లేచొచ్చింది. ఆ స్టిక్కరు తనే అంటించానని గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

సైబరాబాద్‌లో ఒక్కరికీ హెచ్‌ఐవీ లేదని మంత్రిగారు ప్రకటించారు. లేని రోగానికి లింగంపల్లిలో మందుల గది దండగ కనక రేపటినుంచి మూసేస్తున్నామన్నారు. మొగిలి కూడా చప్పట్లు కొట్టాడు. చేతులకు అలవాటు. తన మాత్రలు కూడా ఆ గదివేనని కొట్టాక గుర్తొచ్చింది. సభ ముగియగానే రంగనాథ్ వెంటపడ్డాడు.

"సార్, గా లింగంపల్లి గది ఉండనియ్యుండ్రి. జర మంత్రిసాబ్‌కు చెప్పుండ్రి."

"ఆ గదితో నీకేం పనయ్యా?"

చెప్పడానికి నోరు తెరిచాడు. చుట్టూ పార్టీవాళ్ళు టీ తాగుతున్నారు. ఒకడు అతనికీ ఒక కప్పు అందించాడు.

"నాకేం పని సార్. ఉంటే మంచిగుంటదని."

రంగనాథ్ అర్థమైందన్నట్టు తలాడించి లోపలికెళ్ళాడు. వారం తిరక్కుండానే మొగిలిని హెచ్‌ఐవీ రహిత కారిడార్ పరిరక్షణ సమితికి ఛైర్మన్ చేశారు. డాక్టరమ్మకు బదిలీ అయింది. సమితి ఆఫీసు ఎక్కడో కాదు, మొగిలి మనసు పడ్డ ఆ గదిలోనే పెట్టారు. మంత్రిగారు కార్యకర్త కోరిక కాదనరు.

మాత్రలుండే అల్మారాలో ఇప్పుడు శాలువలున్నాయి. ఛైర్మన్ గారు కొత్త కుర్చీలో కూర్చుని జేబులోని చివరి మాత్రల అట్టను తడుముకుంటుంటే గుమ్మంలో సత్తెమ్మ నిలబడింది. బోర్డు చూసింది, మాస్కు లేని మొగిలిని చూసింది.

"నువ్వేనా అన్నా ఛైర్మన్? మరి మందులు ఏడ ఇస్తున్రు?"

సిటీలో పెద్ద దవాఖానలో ఇస్తారనీ, బస్సులు మారాలనీ అతను నేల చూస్తూ చెప్పాడు.

"నాయి అయిపోయినయి. నీకున్నయా?"

మొగిలి లేచాడు. జేబులోంచి మాస్కు తీసి ముఖానికి పెట్టుకున్నాడు.

"జర ఆగు సత్తెమ్మా. నేను గూడ వస్త."

గదికి తాళం వేసి, రంగనాథ్ చేయించి ఇచ్చిన బోర్డు తలుపుకు తగిలించాడు. మంత్రిగారి నవ్వుముఖం కింద అందమైన అక్షరాలున్నాయి: ఛైర్మన్ గారు ప్రజల మధ్య ఉన్నారు.