ఓటిస్ బ్రిగ్స్ సమక్షంలో ఓటిస్ బ్రిగ్స్ సంతాప సభ

1964వ సంవత్సరం చలికాలంలో ఒక ఆదివారం నాడు జహీరాబాద్ పట్టణం అమెరికా దేశపు జాజ్ విద్వాంసుల మృతికి తీవ్ర సంతాపం తెలిపింది. వారిలో కనీసం ఒకరు బతికే ఉన్నారన్న సంగతి ఆ ఉదయానికి పట్టణానికి తెలియదు. మధ్యాహ్నానికి తెలిసింది. అయినా కార్యక్రమంలో మార్పులేమీ చేయలేదు. కరపత్రం అచ్చయ్యాక మార్పులు చేయడం మన సంప్రదాయం కాదని పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఘనకార్యాన్ని నెత్తికెత్తుకున్నది జహీరాబాద్ సకల కళా సంరక్షణ సంఘం. దానికి అధ్యక్షులు బెల్లం వర్తకులు శ్రీ మహాదేవప్ప గారు. కళాకారుల మీద ఆయనకు ఎంత దయ అంటే, సంఘం పుట్టిన నాటి నుంచి ఒక్క కళాకారుణ్ణి కూడా వేదిక ఎక్కించి శ్రమపెట్టలేదు. ఆ భారమంతా తన ఉపన్యాసాలతో తానే మోశారు. కార్యదర్శి బస్వరాజ్‌కు ఇంగ్లీషు వచ్చు. సంఘంలో ఇంగ్లీషు వచ్చినవాడు మరొకడు లేడు కనుక ఆయనకు ఎంత వచ్చునన్న ప్రశ్న ఎన్నడూ తలెత్తలేదు.

ఆ సంఘం గడప దగ్గర ఏళ్ల తరబడి పడిగాపులు కాస్తున్న మనిషి మక్సూద్. ఊళ్లో పెళ్లిళ్ల బ్యాండు ఆయనదే. క్లారినెట్ వాయిస్తాడు. ఝరాసంగం నుంచి రాయికోడ్ దాకా ఆయన క్లారినెట్ లేకుండా గుర్రమెక్కిన పెళ్లికొడుకు లేడు. అయితే బరాత్‌లో ఎగిరేవాళ్లు ఎగురుతుంటారు, పెళ్లికొడుకు కునుకుతుంటాడు, తక్కినవాళ్ల మనసంతా భోజనాల మీద ఉంటుంది. ఇన్నేళ్లలో ఒక్కడంటే ఒక్కడు ఆయనకేసి తిరిగి నిలబడి విన్న పాపాన పోలేదు. ఒక్కసారి స్టేజీ ఎక్కాలి, జనం తన ముఖం చూస్తూ కూర్చోవాలి, తాను వాయించాలి. మక్సూద్‌కు లోకంలో ఇంకో కోరిక లేదు.

“నేను వింటలేనా రోజూ?” అనేది భార్య కులసుం.

“నువ్వు రొట్టెలు చేసుకుంట వింటవ్. నీ చూపంత పెంక మీదనే ఉంటది” అనేవాడు మక్సూద్.

ఇలా ఉండగా పట్నంలోని ఒక విదేశీ సాంస్కృతిక కేంద్రం వారు సంఘానికి ఒక పార్సిలు పంపారు. అందులో అరడజను జాజ్ రికార్డులు, వాటితో ఒక ఉత్తరం. ఈ గొప్ప విద్వాంసుల రికార్డులను ప్రజలకు వినిపించి వారిని గౌరవించవలసిందని అందులో కోరారు. వచ్చే ఆదివారమే పట్టణమంతా కదిలి వచ్చి గౌరవిస్తుందని బస్వరాజ్ మరునాడే జవాబు రాశాడు.

ఊళ్లో గ్రామఫోను ఉన్నది బస్టాండు పక్కన జబ్బార్ హోటల్లో ఒక్కచోటే. రికార్డు ప్లేట్లు పలుకుతాయో లేదో చూద్దామని బస్వరాజ్ అక్కడికి తెచ్చి మొదటిది పెట్టాడు. అది ఓటిస్ బ్రిగ్స్ అనే ఆయనది. అట్ట మీద ఫోటో ఉంది. క్లారినెట్ పట్టుకుని నవ్వుతున్న నల్లటి, నిండైన మనిషి. ఆ క్లారినెట్ కొంతసేపు మామూలుగా నడిచి, ఒక స్వరం దగ్గర ఆగి, దాన్ని మెల్లగా కిందికి జార్చి, ఇక పడిపోయిందనుకునేలోగా పట్టుకుని పైకి తెచ్చింది. ఒక మూల కూర్చున్న మక్సూద్ చేతిలో చాయ్ చల్లారిపోయింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అది సంతోషమో అసూయో ఆయనకే తెలియలేదు.

“జబ్బార్ భాయ్, ఈ మనిషి నన్ను ఎక్కడ్నో విన్నడు” అన్నాడు చివరకు.

“ఎక్కడ విన్నడు? అమెరికాల పెండ్లికి పోయినవా?”

“బొంబాయి రోడ్డు మీద ఎందరో పోతుంటరు. ఎవరు విన్నరో, ఎవరికి చెప్పిన్రో, ఎవరికెరుక?”

రెండో ప్లేటు పెట్టబోతుండగా మహాదేవప్ప గారు వేంచేశారు. అట్టల మీది ఫోటోలను పరకాయించి చూశారు.

“గొప్పోళ్లని రాసిన్రా చిట్టీల?” అని అడిగారు.

“గొప్పోళ్లనే రాసిన్రు సేట్ సాబ్.”

“అయితే పోయినోళ్లే. ఉన్నోళ్లను ఎవరన్న గొప్పోళ్లంటరా?”

బస్వరాజ్ బాగా ఆలోచించి చూశాడు. అధ్యక్షుల మాటకు ఎదురు నిలిచే ఉదాహరణ ఒక్కటి కూడా పట్టణ చరిత్రలో ఆయనకు దొరకలేదు. వెంటనే బంతిపూల దండలు తెప్పించారు. ఫోటోలను వరుసగా నిలబెట్టి దండలు వేసి, ఊదుబత్తులు ముట్టించారు. అదే దారిన కూరగాయల గంపతో పోతున్న బీరమ్మ దండలు చూసి ఆగింది. బీరమ్మ ఎవరింట చావైనా పిలవకుండా పోయి ఏడ్చే మంచి మనసు గల మనిషి. గంప దించి, పేర్లు కూడా అడగకుండా మొదలుపెట్టింది. ఆడమనిషి అంత కడుపుకోతతో ఏడుస్తుంటే గ్రామఫోను తిప్పడం మర్యాద కాదు కనుక జబ్బార్ మూత వేశాడు. సాయంత్రానికల్లా సంగీతోత్సవం సంతాప సభ అయింది. రికార్డులు మహనీయుల చివరి గుర్తులు కాబట్టి ఇకపై వాటిని వాయించరాదని సంఘం తీర్మానించి, బీరువాలో పెట్టి తాళం వేసింది. సంగీతాన్ని ఇంత భద్రంగా కాపాడిన పట్టణం దక్షిణాదిలో మరొకటి లేదు.

మక్సూద్ ఆ రాత్రే మహాదేవప్ప గారి దుకాణానికి వెళ్లాడు.

“సేట్ సాబ్, ఆ ఫోటోల నవ్వేటాయనది నాది ఒకటే సాజ్, క్లారినెట్. సభల నాకు జర మోక ఇయ్యున్రి. కడుపునిండ వాయిస్త.”

“మౌనం అయినంక కొంచెంసేపు నువ్వే. మాట ఇస్తున్న. కని ఊరేగింపుల మాత్రం మీ బ్యాండు చప్పుడు చెయ్యొద్దు. సంతాపం గద.”

మిగిలిన రోజులన్నీ మక్సూద్ ఇంట్లో ఆ జారే స్వరాన్ని పట్టుకోవాలని ప్రయత్నించాడు. అది జారుతున్నది గాని తిరిగి పైకి రావడం లేదు. కులసుం రొట్టెలు మాడిపోయాయి.

ఆదివారం ఊరేగింపు దివ్యంగా జరిగింది. ఫోటోలు ఎడ్లబండి మీద ముందు సాగాయి. వెనుక ఎర్రకోట్ల బ్యాండు. డోలు కొట్టేవాడు పుల్లను తోలు దాకా తెచ్చి ఆపాడు. బాకా ఊదేవాళ్లు బుగ్గలు పొంగించి అలాగే ఉంచారు. మక్సూద్ క్లారినెట్ నోట పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, వేళ్లు మాత్రం ఆడించాడు. విచిత్రమేమంటే జనం ఆగి, ఆయనకేసి తిరిగి చూశారు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. “ఉస్తాద్, ఇంత మంచిగ నువ్వు ఎన్నడు వాయించలే” అని ఒక పెద్దమనిషి భుజం తట్టాడు. మక్సూద్ ఏడవాలో నవ్వాలో తెలియక సలాం చేశాడు.

సభ గంజ్ మైదానంలో. సామాన్యులకైతే రెండు నిమిషాల మౌనం చాలు, సంగీత విద్వాంసులకు గంటసేపు పాటించాలని సంఘం నిర్ణయం. బొంబాయి రోడ్డు మీద లారీలను ఆపి, హారన్ల మీద చేతులు పెట్టకుండా డ్రైవర్లను కిందికి దించారు. చంటిపిల్లలు నోరు తెరవకుండా మహాదేవప్ప గారి దుకాణం నుంచి తలా ఒక బెల్లం గడ్డ పంచారు. కొందరు పెద్దలు కూడా నోరు తెరిచే ప్రమాదముందని చెప్పి తీసుకున్నారు. వేదిక మీద ఫోటోల పక్కన మక్సూద్ క్లారినెట్‌తో నిలబడ్డాడు. ఎదురుగా ఊరంతా తన ముఖమే చూస్తున్నది. మౌనం ఎప్పుడైపోతుందా అని ఆయన ప్రాణం కొట్టుకుంటున్నది.

సరిగ్గా అప్పుడు బొంబాయి వైపు నుంచి ఒక కారు వచ్చి, ఆగిన లారీల వెనుక ఆగింది. అందులోంచి నల్లటి, నిండైన మనిషి ఒకాయన దిగి మైదానంలోకి వచ్చాడు. పట్నంలో కచేరీకి పోతూ, దారిలో ఒక ఊరు ఊరంతా తనను గౌరవిస్తున్నదని సాంస్కృతిక కేంద్రం వారు చెప్పగా కృతజ్ఞతలు చెప్పుకుందామని ఆగిన ఓటిస్ బ్రిగ్స్ ఆయన. దండ వేసిన తన ఫోటో, దాని ముందు గుడ్లప్పగించి కూర్చున్న వేలాది జనం, ఆ నిశ్శబ్దం చూసి ఆయన మనసు కరిగిపోయింది. ఇంత శ్రద్ధగా కూర్చున్న శ్రోతలను ఆయన ఏ దేశంలోనూ చూసి ఉండడు. చేతి పెట్టెలోంచి క్లారినెట్ తీసి ఒక్క ఊపిరి ఊదాడు.

నలుగురు వలంటీర్లు ఆయన మీద పడ్డారు. బస్వరాజ్ పరుగెత్తుకొచ్చి, చనిపోయినవారిని గౌరవించడం తెలియదా అని ఇంగ్లీషులో మందలించాడు. చనిపోయింది ఎవరని ఆయన అడిగాడు. బస్వరాజ్ ఫోటో చూపించాడు. అది తానేనని ఆయన అన్నాడు. బస్వరాజ్ ఫోటోను, మనిషిని మార్చి మార్చి చూసి, విషయం తన పరిధిలోనిది కాదని అధ్యక్షులకు నివేదించాడు. మహాదేవప్ప గారు తొణకలేదు. మైకు ముందుకు వచ్చారు.

“మహాజనులారా! బతికుండుడు ఆయన ఇష్టం. మనం అడ్డం రాం. కని పందిరి ఏసినంక, కరపత్రాలు పంచినంక బతికొస్తే మనమేం జెయ్యాలె? అడ్డగోలుగ ఎవరు పడితే వాళ్లు బతికొస్తే సంఘాలు నడుస్తయా? ఆయన రేపటి సంది బతకొచ్చు. ఇయ్యాల మాత్రం సభ మర్యాద కాపాడాలె.”

చప్పట్లు మారుమోగాయి. చప్పట్లతో మౌనం భంగమైనందున మళ్లీ మొదటి నుంచి పాటించాలని ప్రకటించారు. ముందు వరుస దుఃఖించేవారికి కేటాయించినందున బ్రిగ్స్‌కు రెండో వరుసలో కుర్చీ వేశారు. పాపం, మంచి మనిషి, కూర్చున్నాడు. ముందు వరుసలోని బీరమ్మ వెనక్కి తిరిగి ఆయన్ను ఎగాదిగా చూసింది.

“నీ కోసం నిన్నటి సంది బుక్కెడు బువ్వ ముట్టలే కొడుకా! బతికుండి ఏ మొకం పెట్టుకోని వచ్చినవ్?” అని గుసగుసగా నిలదీసింది. భాష తెలియకపోయినా బ్రిగ్స్ తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు.

తల ఎత్తేసరికి ఆయన చూపు వేదిక మీద మక్సూద్ చేతిలోని క్లారినెట్ మీద పడింది. చూసి, ఏదీ, వాయించు అన్నట్టు గడ్డం ఎగరేశాడు.

మహాదేవప్ప గారి జేబులో ఉపన్యాసం కాగితాలు ఎంత లావుగా ఉన్నాయో మక్సూద్‌కు కనిపిస్తూనే ఉంది. మౌనం తరువాత తన వంతు వస్తుందన్న ఆశ అప్పుడే చచ్చిపోయింది. ఇప్పుడు ఊదితే ఈ సంఘం గడప మళ్లీ తొక్కనివ్వరు. బెల్లం వర్తకుల ఇళ్లలో పెళ్లిళ్లు కూడా పోతాయి. ఊదకపోతే ఇంత జనం మళ్లీ తన ముందు కూర్చోరు. ఊపిరి తీసుకుని ఊదాడు.

స్వరం జారింది, తడబడింది, పడిపోయేంత పనైంది. పడకుండా పైకి వచ్చింది. పూర్తిగా ఆ రికార్డులోలా కాదు; కొంచెం బరాత్ వాసన వేస్తూ, కాని వచ్చింది. బ్రిగ్స్ కుర్చీలోంచి లేచి తన క్లారినెట్ అందుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ గట్టిగా నాలుగు ఊపిరులు వాయించారో లేదో, వలంటీర్లు మృతుణ్ణి, బ్యాండు మాస్టర్ను సగౌరవంగా రెక్క పట్టుకుని మైదానం బయటికి దాటించారు. తరువాత మహాదేవప్ప గారు స్వర్గీయ బ్రిగ్స్ సంగీత సేవను గురించి పొద్దుగూకేదాకా ఉపన్యసించారు. చివర్లో ఇంకో విడత బెల్లం ఉందని తెలిసి ఎవరూ కదల్లేదు.

బహిష్కృతులిద్దరూ జబ్బార్ హోటల్ బెంచీ మీద చేరారు. అక్కడ వినేందుకు జబ్బార్, హారన్ కొట్టే హక్కు పోయిన ఒక లారీ డ్రైవరు తప్ప ఎవరూ లేరు. మక్సూద్ వాయించాడు. బ్రిగ్స్ క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని, ఆయనకేసి తిరిగి కూర్చుని, చివరిదాకా కదలకుండా విన్నాడు. తరువాత ఏదో అన్నాడు.

“ఏమంటున్నడు?” అని మక్సూద్ అడిగాడు.

జబ్బార్‌కు ఇంగ్లీషు ముక్క రాదు. “ఇంకోసారి అంటున్నడు” అన్నాడు.

మక్సూద్ ఇంకోసారి వాయించాడు. ఆయన జీవితంలో అంత సంతోషంగా ఎన్నడూ లేడు. కారు డ్రైవరు తొందరపెట్టగా బ్రిగ్స్ మక్సూద్‌ను గట్టిగా కౌగలించుకుని, సగం తాగిన చాయ్ కూడా పూర్తి చేసి, పట్నం వెళ్లిపోయాడు.

సంఘం మక్సూద్ మీద కోపగించిందని మీరు అనుకుంటే పొరపాటు. విదేశీయుడంతటివాడు ఎదుట కూర్చుని విన్నాడన్న వార్త పొక్కగానే తదుపరి కార్యవర్గ సమావేశంలో ఆయనను కూడా మహనీయుడిగా గౌరవించే ప్రతిపాదన వచ్చింది. అర్హతలన్నీ ఉన్నాయని సభ్యులు ఏకగ్రీవంగా అంగీకరించారు. ఒక్క అర్హత మాత్రం తక్కువైందని, ఆ ఆలస్యం పూర్తిగా అభ్యర్థి వైపు నుంచే జరుగుతున్నదని విచారం వెలిబుచ్చుతూ అంశాన్ని వాయిదా వేశారు. ముందుజాగ్రత్తగా ఆయనకు స్టూడియోలో మంచి ఫోటో తీయించి ఉంచారు.

అప్పటి నుంచి జహీరాబాద్‌లో మక్సూద్ ఆరోగ్యం అడగని మనిషి లేడు. మహాదేవప్ప గారైతే కనిపించినప్పుడల్లా దగ్గు ఎట్లున్నదని ఆప్యాయంగా వాకబు చేస్తారు. “అల్లా దయ, మంచిగున్న సేట్ సాబ్” అంటే ఆయన ముఖం కొద్దిగా వాడిపోతుంది.

మీరు కూడా బొంబాయి రోడ్డున పోతూనే ఉంటారు. బస్సు జహీరాబాద్‌లో చాయ్ కోసం ఆగుతుంది. సాయంత్రమైతే హోటల్ బెంచీ మీద మక్సూద్ వాయిస్తూనే ఉంటాడు. కిటికీలోంచి వినబడుతుంది కూడా. మీరు దిగరు. సీటు పోతుందని భయం. రేపు ఆయన పోయాడని పేపర్లో చదివి, అయ్యో, ఒక్కసారైనా వినలేకపోయామే అని నిజంగానే బాధపడతారు. సభకు మాత్రం తప్పకుండా వస్తారు, ముందు వరుసలో కూర్చుంటారు.