మెర్సీ చెప్పిన పాపానికి

ఆ సోమవారం ఉదయం ఐల్సా వేసుకున్న పథకం చాలా చిన్నది. శుక్రవారంలోగా తలదాచుకోవడానికి ఓ గది సంపాదించాలి, ఈలోగా అందరితో మర్యాదగా ఉండాలి. గది సంగతి ఎలా తేలుతుందో తెలియదు గాని, మర్యాద విషయంలో ఆమెకు ఏ బెంగా లేదు. స్కాట్లండ్‌లో వాళ్ళమ్మ ఆమెను పెంచడమే అలా పెంచింది. ఎవరైనా ఏదైనా పెడతామంటే ఆవురావురుమంటూ ‘ఔను’ అనకూడదు, థాంక్స్ అనాలి. ఆ మాట రాని పిల్లలకు వాళ్ళింట్లో బిస్కట్టు పుట్టేది కాదు.

జురా కొండల్లోని ఆ చిన్న ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్లకు సహాయకురాలిగా ఏడు నెలల ఉద్యోగం దొరికి ఐల్సా ఫ్రాన్సు వచ్చింది. కొండలెక్కడానికి వచ్చేవాళ్ళ సత్రంలో దిగింది. ఆ సత్రం శుక్రవారంతో తలుపులు మూసి మళ్ళీ వసంతానికి గాని తెరవదు. ఊళ్ళో అద్దెగదులు లేవు. గది దొరక్కపోతే ఉద్యోగం ఎంత బాగున్నా తిరుగు రైలెక్కాల్సిందే. నాలుగేళ్ళు ఫ్రెంచి చదివి, వ్యాకరణంలో మొదటి మార్కు తెచ్చుకుని, వారం తిరక్కుండా ఇంటికి పోవడమంటే ఆమెకు తల కొట్టేసినట్టే. కాకపోతే ఆ వ్యాకరణ పుస్తకాల్లో ఎక్కడా ఎవరూ ఎవరికీ ఏదీ వడ్డించరు. వచ్చిన చిక్కల్లా అక్కడే వచ్చింది.

స్టాఫ్‌రూంలో ఆమెకు మొదట ఎదురుపడింది సొలాంజ్. ఇంగ్లీషు టీచర్లందరిలోకీ పెద్దావిడ, ఐల్సా మంచిచెడ్డలు చూడమని హెడ్మాస్టరు ఈవిడకే అప్పగించాడు. మనసు వెన్న, చేతులు మహా చురుకు.

"వచ్చావా అమ్మాయీ. కాఫీ పొయ్యనా?"

"మెర్సీ," అని ఫ్రెంచిలో థాంక్స్ చెప్పింది ఐల్సా మొహమంతా నవ్వుతో.

సొలాంజ్ కాఫీ కూజాను పక్కన పెట్టేసింది. చల్లారిపోయి ఉంటుంది, వేడిచేసి తెస్తుంది కాబోలనుకుని ఐల్సా ఖాళీ కప్పు పట్టుకుని నిలబడింది. సొలాంజ్ కూజాను కడిగి బోర్లించి వచ్చింది.

"ఆ సంచి చాలా బరువున్నట్టుందే. నేనో చెయ్యి వెయ్యనా? క్లాసు మూడో అంతస్తులో."

"మెర్సీ, మదామ్. మెర్సీ."

"ఓహో, గట్టిదానివే," అని సొలాంజ్ చేతులూపుకుంటూ మెట్లెక్కిపోయింది. పుస్తకాలూ పటాలూ టీ కప్పులూ కుక్కిన ఆ సంచిని ఐల్సా ఒక్కో మెట్టూ ఈడ్చుకుంటూ పైకి చేర్చేసరికి ఆమెకు ఊపిరాడలేదు. అయినా నవ్వు చెదరనివ్వలేదు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో జోజియాన్ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆ వంటింటికి ఆమె మహారాణి. తన వంట తిననివాళ్ళను ఆమె పేరుపేరునా గుర్తుపెట్టుకుంటుంది.

"బంగాళాదుంపలు వెయ్యనా తల్లీ? పైన చీజ్ వేసి కాల్చాను."

"మెర్సీ."

"పోనీ సాసేజ్? పొగ పట్టించింది, ఇక్కడిదే."

"మెర్సీ," అంది ఐల్సా, నోరూరుతుండగా.

జోజియాన్ గరిటె దించేసింది. "చీజ్ ముక్కయినా?"

"మెర్సీ. మెర్సీ బొకూ."

వెనక పిల్లలు తోసుకొస్తున్నారు. ఐల్సా పళ్ళెంలో తను ముందే పెట్టుకున్న క్యారట్ తురుమూ రొట్టెముక్కా తప్ప ఏమీ పడలేదు. కూచుని ఆ క్యారట్ తురుమునే వీలైనంత నెమ్మదిగా తింది. ఇక్కడ కొత్తవాళ్ళకు మొదటిరోజు పెట్టరేమో, అదో ఆచారమేమో అనుకుంది. వంటింట్లో జోజియాన్ మాత్రం గిన్నెలు ఎత్తేసి, "ఆ ఇంగ్లండు పిల్లకి మన కూడు ఆనదట," అని అందరికీ వినబడేలా అంది. సాయంత్రానికల్లా ఆ మాట స్టాఫ్‌రూం చేరింది. బడి వదిలేలోగా ఐల్సాకు ‘దొరసాని’ అని పేరు పడిపోయింది. ఆమెది ఇంగ్లండు కాదని చెప్పే నాథుడే లేకపోయాడు.

మర్నాడు హెడ్మాస్టరు గ్రోజాన్ ఆమెను తన గదికి పిలిపించాడు. చాలా మంచివాడు, ఎవరినీ దేనికీ బలవంతపెట్టడు. భార్య కూడా ఆయనలో తప్పుపట్టేది ఆ ఒక్క గుణాన్నేనట.

"చూడండి మద్మజెల్, మన బళ్ళోనే నర్సుగది మీద రెండు గదుల ఇల్లు ఖాళీగా ఉంది. వంటిల్లుంది, వెచ్చగా ఉంటుంది, అద్దె కూడా నామమాత్రమే. మీరు ఉంటానంటే మీకే. ఏమంటారు?"

ఐల్సాకు నెత్తిన పాలు పోసినట్టయింది. రాత్రంతా నిద్రపట్టని బెంగ ఒక్కసారిగా కరిగి కళ్ళలోకి వచ్చింది. గుండె మీద చెయ్యి వేసుకుని, "మెర్సీ, మస్యో. నిజంగా మెర్సీ," అంది.

గ్రోజాన్ మొహం కాస్త చిన్నబోయింది. "సరే. మీ ఇష్టం," అన్నాడు.

ఐల్సా చెవికి ఆ ‘సరే’ ఒక్కటే వినబడింది. గాలిలో తేలుతున్నట్టు బయటికి వచ్చి, తాళంచెవి ఎవరైనా తెచ్చిస్తారని సాయంత్రందాకా ఎదురుచూసింది. ఎవరూ తేలేదు. బుధవారం మధ్యాహ్నం పెట్టేబేడా సర్దుకుని తనే వెళ్ళి ఆ ఇంటి తలుపు తోసింది. ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా రెండు పొడుగాటి పడవలు పడుకుని ఉన్నాయి. వాటి మధ్య వ్యాయామం మాస్టారు రెజీస్ ఓ గుడ్డతో తుడుస్తూ కూచున్నాడు.

"ఇవి ఇక్కడున్నాయేంటి?" అంది ఐల్సా.

"నిన్న హెడ్మాస్టరు గారిచ్చారు. ఎవరికో ఇవ్వబోతే వద్దన్నారటగా. ఏటిగట్టున ఉంటే ప్రతి చలికాలం పగుళ్ళిచ్చేస్తున్నాయి పాపం," అన్నాడు రెజీస్ పడవను నిమురుతూ.

ఎవరో వద్దంటే పడవలకు ఇచ్చిన ఇల్లు ఇదయితే, తనకిస్తానన్నది ఎక్కడుందో ఐల్సాకు అంతుపట్టలేదు. నర్సుగది మీద ఉన్నది ఈ ఒక్క ఇల్లే. ఇస్తానని నోటితో చెప్పి, మర్నాటికి పడవల పాలు చేశాడన్నమాట. పెట్టె ఈడ్చుకుంటూ కిందికి వచ్చేసరికి జోరుగా వాన. గేటు దగ్గర సొలాంజ్ కారు ఆపింది.

"ఈ వానలో పెట్టె పట్టుకుని ఎక్కడికే? రా, ఈ పూటకి మా ఇంట్లో పడుకుందువుగాని. వేడివేడిగా సూప్ కూడా ఉంది."

ఐల్సా తడి మొహం చేత్తో తుడుచుకుంది. ఒక్కటంటే ఒక్క మాట పెగిలింది. "మెర్సీ."

సొలాంజ్ ఒక్క క్షణం ఆమె వంక చూసి, పెదవి విరిచి, అద్దం ఎత్తేసింది. కారు తిప్పుకుని వస్తోందనుకుని ఐల్సా అక్కడే నిలబడింది. కారు కొండ మలుపు తిరిగి కనుమరుగైంది. తడిసి ముద్దయ్యాక గాని ఆ కారు ఇక రాదని ఆమెకు తెలియలేదు. సత్రానికి వెళ్ళి, జుట్టు తుడుచుకోకుండానే అమ్మకు ఫోన్ చేసింది.

"అందరూ నవ్వుతూనే అడుగుతారమ్మా. అడిగి, చేతిదాకా తెచ్చి, పట్టుకుపోతారు."

"థాంక్స్ చెబుతున్నావా లేదా?"

"చెబుతూనే ఉన్నానమ్మా."

"నీది చిన్నప్పట్నుంచీ నీళ్ళు నమిలే గొంతు. వాళ్ళకి వినబడి ఉండదు. రేపట్నించీ కాస్త గట్టిగా చెప్పి చూడు."

పిల్ల మంచి కోరి చెప్పిన మాటే. గురువారం ఐల్సా గొంతు పెంచింది. కాఫీ అడిగితే స్టాఫ్‌రూం మారుమోగేలా మెర్సీ అంది. సొలాంజ్ ఉలిక్కిపడి కూజా పక్కన పెట్టేసింది. జోజియాన్ చేపముక్క చూపిస్తే, పిల్లలు తిరిగి చూసేలా మెర్సీ అంది. జోజియాన్ గరిటెను ట్రేలోకి ఓ విసురు విసిరి, "తినకపోతే మానె, అరవడమెందుకు," అంటూ లోపలికి పోయింది. ఆ వెనకే నిలబడ్డ రెజీస్ తన పళ్ళెం పట్టుకుని వేరే బల్ల చూసుకున్నాడు.

ఐల్సా క్యారట్ తురుము అలాగే వదిలేసి నేరుగా హెడ్మాస్టరు గదికి వెళ్ళింది. తెల్లారితే సత్రం మూసేస్తారు. కడుపు కాలుతోంది. అంతకంటే మనసు మండుతోంది.

"నేను వెళ్ళిపోతాను, మస్యో. ఇక్కడ నేనెవరికీ అక్కర్లేదు," అంది.

గ్రోజాన్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఆయనకు నిజంగానే బాధేసింది. కాని బలవంతపెట్టే మనిషి కాడు కదా. "మా వల్ల ఏం లోటు జరిగిందో నాకు తెలియదు. మీరు అంతగా అనుకుంటే, ఇప్పుడే పైవాళ్ళకు ఫోన్ చేసి మీ ఒప్పందం రద్దు చేయించనా?" అంటూ ఫోన్ అందుకున్నాడు.

వచ్చినప్పట్నించీ తన కోసం ఒకరు నిజంగా ఏదైనా చెయ్యడం ఇదే మొదలు. ఐల్సాకు ఏడుపు తన్నుకొచ్చింది. "మెర్సీ, మస్యో. మెర్సీ," అంది.

గ్రోజాన్ ఫోన్ టక్కున పెట్టేశాడు. ఆయన మొహం వెలిగిపోయింది. "హమ్మయ్య. ఎంత భారం దింపారండీ. ఇక ఆ మాట మళ్ళీ ఎత్తకండి. పదండి పదండి, క్లాసుకి బెల్లయింది," అంటూ లేచి, ఆమెను దాదాపు నడిపించుకుంటూ వెళ్ళి తలుపు దాకా దిగబెట్టాడు.

నడవాలో నిలబడి ఐల్సా ఆలోచించింది. ఈ బళ్ళో కాఫీ ఇవ్వరు, కూడు పెట్టరు, ఇల్లివ్వరు. ఆఖరికి పోతానన్నా పోనివ్వరు. ఇంకేం చెయ్యాలో తోచక క్లాసులోకి వెళ్ళింది.

ఆ రోజు పాఠం, ఇంటికొచ్చిన అతిథికి టీ ఇవ్వడం. సంచిలోంచి కప్పులు తీసి బల్లమీద పెట్టింది. పిల్లల్లో కాపుసీన్ ఇంటావిడ, మనోన్ అతిథి. టీ తీసుకుంటారా అని కాపుసీన్ ముద్దుముద్దు ఇంగ్లీషులో అడిగింది. మనోన్ తల చిన్నగా అడ్డంగా ఆడించి థాంక్యూ అంది. కాపుసీన్ కప్పు వెనక్కి లాక్కుని దూరంగా పెట్టేసింది.

"కప్పు ఎందుకు లాక్కున్నావ్?" అంది ఐల్సా.

"వద్దంది కదా మద్మజెల్."

"ఎప్పుడంది?"

"ఇప్పుడే. థాంక్యూ అంది."

"థాంక్యూ అంటే ఇవ్వమని."

క్లాసు క్లాసంతా ఆమె వంక జాలిగా చూసింది. "ఇవ్వమంటే ఔనండీ అనాలి కదా," అంది మనోన్, చిన్నపిల్లకు చెప్పినట్టు. "ఉత్త మెర్సీ అంటే అక్కర్లేదని."

ఐల్సా అలాగే కుర్చీలో కూలబడింది. కాఫీ కూజా, సంచి, సాసేజ్, వెచ్చని ఇల్లు, వానలో వెళ్ళిపోయిన కారు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఒక్కటీ ఎవరూ లాక్కోలేదు. అన్నిటినీ తనే, నవ్వుతూ, గుండె మీద చెయ్యి వేసుకుని మరీ వద్దంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పిల్లల్ని పుస్తకం చూసుకోమని చెప్పి మెట్లన్నీ ఒక్క పరుగున దిగి స్టాఫ్‌రూంలో పడింది. అక్కడ గ్రోజాన్, సొలాంజ్, రెజీస్ ముగ్గురూ ఉన్నారు. వాళ్ళు మాట్లాడుకుంటున్నది ఆమె గురించే గనక గతుక్కుమన్నారు.

"ఔను," అంది ఐల్సా రొప్పుతూ.

"ఏది ఔను?" అన్నాడు గ్రోజాన్.

"అన్నీ ఔను. మా ఊళ్ళో థాంక్స్ అంటే ఔనని. కాఫీకి ఔను, సంచికి ఔను. జోజియాన్ గారు వడ్డిస్తానన్న ప్రతిదానికీ ఔను. సొలాంజ్ గారూ, మీ సూప్‌కి ఔను. ఆ ఇంటికి మరీ మరీ ఔను, మస్యో. నాకు ఉండడానికి చోటు లేదు. రేపు సత్రం మూసేస్తున్నారు."

సొలాంజ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయితే నిన్న నిన్ను వానలో నిలబెట్టేసి పోయానా నేను? నా బుద్ధి మండ. పెట్టెతో ఉన్న పిల్లని, తడిసిపోతున్న పిల్లని," అంటూ కళ్ళు ఒత్తుకుంది. రెజీస్ లేచి పడవలు దింపడానికి వెళ్ళిపోయాడు.

గ్రోజాన్ మాత్రం వేళ్ళు మడుచుకుంటూ ఏదో లెక్క చూసుకున్నాడు. చూసుకుని పాలిపోయి లేచి నిలబడ్డాడు. "మరి ఇందాక నా గదిలో... ఒప్పందం రద్దు చేయించనా అంటే మెర్సీ అన్నారు. అంటే అది కూడా ఔనేనా?"

సొలాంజ్ కళ్ళు ఒత్తుకోవడం ఆపి చూసింది. ఐల్సా ఊపిరి తీసుకుని, తల చిన్నగా అడ్డంగా ఆడించి, నిమ్మళంగా చెప్పింది. "దానికి మెర్సీ, మస్యో."

"ఏ ఊరి మెర్సీ?" అన్నాడు గ్రోజాన్ అనుమానంగా.

"మీ ఊరిదే."

అప్పుడు గాని ఆయన కూచోలేదు. సొలాంజ్ వచ్చి ఐల్సాను గట్టిగా వాటేసుకుంది. శుక్రవారం మధ్యాహ్నానికి పడవలు ఏటిగట్టుకు చేరాయి, ఐల్సా పెట్టె నర్సుగది మీదికి చేరింది. కిటికీ తీస్తే కొండలు, గొట్టంలో వేడినీళ్ళు, బల్లమీద సొలాంజ్ పంపిన దుప్పట్లు. తలుపు వేసుకుని ఐల్సా మంచమ్మీద వెల్లకిలా పడుకుని, బతుకుజీవుడా అనుకుంది. ఆ వారంలో ఆమె ఒంటరిగా నవ్వుకోవడం అదే మొదటిసారి. ఇక ఇంటికి పోనక్కర్లేదు.

ఆదివారం సొలాంజ్ ఇంట్లో భోజనం. బంగాళాదుంపలకు ఔనంది, సాసేజ్‌కు ఔనంది, కరిగించిన చీజ్‌కు రెండుసార్లు ఔనంది. ఐదో వడ్డనకు వచ్చేసరికి కడుపులో చెంచాడు చోటు లేదు. సొలాంజ్ గరిటె ఎత్తింది.

"ఇంకాస్త?"

ఐల్సా పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి, నేర్చుకున్న కొత్త మర్యాద అంతా గుమ్మరించి, ఒక్క పొల్లు కూడా తప్పకుండా, "మెర్సీ," అంది.

"తెలుసులేవే, మొహమాటపడకు," అని సొలాంజ్ ఆ చెయ్యి తోసేసి పళ్ళెం నింపింది. సోమవారం కాఫీ దగ్గరా అంతే, జోజియాన్ గరిటె దగ్గరా అంతే. ఊరు ఊరంతా ఆమె కోసం స్కాట్లండ్ మర్యాద నేర్చేసుకుంది. మెర్సీని అచ్చమైన ఫ్రెంచి పద్ధతిలో అంటున్నది ఇక ఐల్సా ఒక్కతే.