మారెన్న గుండు, మేటమ్మ ఫోను

డోన్‌కు ఈ పక్క ఊళ్లలో మారెన్నంత నెమ్మదస్తుడు లేడు. పారతో ఒక వేటు వేసి రెండో వేటు వేసేలోపు మొదటి గుంతలో గడ్డి మొలిచేది.

ఉపాధి పనిలో హాజరుకు కాగితం మస్టరు ఉన్నన్నాళ్లూ ఆయనకు దిగుల్లేదు. పొద్దున వేలిముద్ర వేసి తుమ్మచెట్టు కింద పడుకుంటే కూటి వేళకు లేచేవాడు. ఇప్పుడు అట్లా కుదరదు. పొద్దున ఒకసారి, పని దిగేటప్పుడు ఒకసారి ఫోనుకు ముఖం చూపించి కండ్లు ఆర్పాలి. అదైనా ఓర్చుకునేవాడే. కానీ ఆ ఫోను పట్టుకునే మేటు ఆయన పెండ్లామే.

రామలక్ష్మమ్మ పదో తరగతి చదివింది. ముప్పై మందికి పని చూపించేదీ, కందకాలు కొలిచేదీ, హాజరు తీసేదీ ఆమే. ఇంట్లో "ఏమే" అనే మారెన్న కందకం దగ్గర "మేటమ్మా" అనాల్సి వచ్చింది. ఆమె ముందు కండ్లు ఆర్పడానికి పెండ్లి నాడు కూడా లేనంత సిగ్గు పుట్టుకొచ్చేది.

ఒకనాడు నడుం పట్టుకుని ఆలోచించాడు. ఫోను చూసేది ముఖాన్ని. ఆ ముఖమే మారిపోతే తప్పు ఫోనుది, నిద్ర తనది. మల్లన్నకు మొక్కుందని చెప్పి శ్రీశైలం బస్సెక్కాడు. జుట్టూ గడ్డమూ ఇచ్చి, చెవుల దాకా పోయి వెనక్కి తిరిగే మీసం కూడా కండ్లు మూసుకుని ఇచ్చేశాడు. తిరిగొస్తే ఊరి కుక్కలు ఇంటిదాకా మొరిగాయి. సొంత బర్రె కొమ్ములు విసిరింది.

మరునాడు రామలక్ష్మమ్మ ఫోను ఎత్తింది. తెర వైపు చూసి, గుండు వైపు చూసి, నిట్టూర్చింది.

"పట్టలేదయ్యా."

"దేవుని పని చేస్తే ఇట్లయితాదని అనుకోలేదే," అన్నాడు మారెన్న, నవ్వుకు తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని.

"ఏం చేస్తాం. ఎంటికలు వచ్చేదాంక ఇంటికాడ్నే ఉండు."

ఉన్నాడు. వెళ్లేముందు ఆమె ఒక నాలుగు పనులు చెప్పింది. నీళ్లు పట్టాలి, బర్రెను కడగాలి, శెనక్కాయల ఊరిమిండి పచ్చడి నూరాలి, సంగటి కెలికి కందకం దాకా తేవాలి. ఆయన కెలికిన సంగటిలో తెడ్డు ఇరుక్కుని, తెడ్డు ఎత్తితే కుండ కూడా లేచొచ్చింది. ఆ ముద్దను తోటి కూలీ ఏసురాజు గడ్డపారతో పగలగొట్టాకే అందరూ తిన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండో రోజుకు నాలుగు పనులు ఎనిమిదయ్యాయి.

నాలుగో రోజు రాత్రి ఇంట్లో మారెన్న పెండ్లాం పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఏమే, ఆ ఫోనుకు నా ముఖం మళ్లా ఒకసారి చూపించరాదా?"

"యాల? ఈడ సుఖంగా లేదా?"

"ఆడైతే ఎండ ముదిరితే ఇంటికి పంపుతారు. ఈడ యాడికి పంపుతావు?"

రామలక్ష్మమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "నీ గుండును అది మొదటి రోజే టక్కున పట్టిందయ్యా. నేనే హాజరు నొక్కకుండా వదిలేసినా."

మారెన్న పైపెదవి తడుముకున్నాడు. "మరి మీసం?"

"అది మల్లన్నకు పోయింది. పుణ్యం నీదే."

తెల్లారి కందకానికి బయలుదేరుతుంటే పార అందించింది. దాంతో పాటు బిందె కూడా అందించింది.

"నీళ్లు, బర్రె ఇంక నువ్వే చూసుకో. శానా బాగా చేస్తాండావు."